నేనేం పాపం చేశాను సిస్టరమ్మా?



ఈ సంచికకు షుగరు జబ్బు గురించి రాయమని మమ్మల్ని అడిగారు. చివర్లో తప్పకుండా రాస్తాము. అంతకంటే ముందు, వార్డుల్లో మేము తరచుగా వినే ఒక ప్రశ్న గురించి చెప్పాలి. డాక్టరుగారు రౌండ్సుకు వచ్చినప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగరు. రాత్రి పదకొండు దాటి, అటెండెంట్లు వరండాలో నిద్రపోయాక, మేము సెలైను బాటిలు మార్చడానికి వెళ్ళినప్పుడు మెల్లగా అడుగుతారు. "నేనేం పాపం చేశాను సిస్టరమ్మా? నాకే ఎందుకొచ్చింది ఈ జబ్బు?"

ఏ మతం వారైనా అడిగే ప్రశ్నే ఇది. కాని క్రైస్తవ కుటుంబాల వారు దానికి ఇంకో మాట కలుపుతారు. "ఆరాధన ఒక్క ఆదివారం మానలేదు. దశమభాగం తప్పలేదు. ఒకరికి పెట్టానే గాని ఒకరి దగ్గర తీసుకోలేదు. మరి దేవుడు నన్నెందుకు చూడలేదు?" ఈ మాటలో రెండు లెక్కలు ఉన్నాయి. జబ్బు పాపానికి వేసిన శిక్ష అనేది ఒకటి. మంచిపనులు చేసినందుకు దేవుడు మనకు బాకీ పడ్డాడనేది రెండోది. ఈ రెండూ మనిషిని జబ్బు కంటే ఎక్కువగా కుంగదీయడం మేము కళ్ళారా చూస్తున్నాము. అందుకే రాస్తున్నాము.

మొదటి లెక్క సంగతి. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు అడిగింది ఈ ప్రశ్నే. పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని. ఇద్దరిలో ఎవరూ కారని ప్రభువు చెప్పాడు. రెండు వేల సంవత్సరాల కిందటే జవాబు వచ్చిన ప్రశ్న ఇది. అయినా గుండెలో రంధ్రంతో బిడ్డ పుడితే, "తల్లి ఏదో చేసి ఉంటుంది" అనే మాట సంఘంలో ఉన్న ఆడవాళ్ళ నోటనే ముందు వస్తుంది. బాలింత మంచం పక్కన కూర్చుని ఆ మాట అనేవారిని మేము బయటికి పంపించేస్తాము. ఇందులో మొహమాటం లేదు.

అలాగని మన అలవాట్లకూ జబ్బుకూ సంబంధమే లేదని మేము అనడం లేదు. గుట్కా, ఖైనీ నమిలితే నోటి క్యాన్సర్ వస్తుంది. సారా తాగితే లివరు చెడుతుంది. ఇది దేవుడు కూర్చుని రాసిన తీర్పు కాదు, శరీరం పనిచేసే తీరు. చెయ్యి నిప్పులో పెడితే కాలుతుంది, పాపాత్ముడిదైనా కాలుతుంది, పాస్టరుగారిదైనా కాలుతుంది. ఏ చెడ్డ అలవాటూ లేనివారికి కూడా క్యాన్సర్ వస్తుంది. కారణం వెతకడం డాక్టరు పని. నేరం వెతకడం ఎవరి పనీ కాదు.

వేళ్ళ మీద లెక్క

రెండో లెక్క ఇంకా లోతైనది. ఒక పెద్దావిడ సంగతి చెప్తాము. ఏ ఊరో, ఏ సంఘమో చెప్పము. పొట్టలో క్యాన్సర్ ముదిరిపోయి మా దగ్గరకు వచ్చింది. ఏళ్ళ తరబడి ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. స్త్రీల కూడికలు ఆమె ఇంటి అరుగు మీదే జరిగేవట. చివరి రోజుల్లో ఆమె పడుకుని వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటూ ఉండేది. అడిగితే చెప్పింది, తాను చేసిన మంచిపనులు లెక్కవేసుకుంటున్నానని. ఫలానా అనాథ పిల్లకు పెళ్ళి చేశాను, ఫలానా వారికి ఫీజు కట్టాను, ఇంతమందికి అన్నం పెట్టాను. మళ్ళీ మొదటి వేలుకు వచ్చేది. "సరిపోతుందా అమ్మా?" అని అడిగేది.

కూతుళ్ళు ధైర్యం చెప్పబోయి ఇంకా చెడగొట్టారు. "నువ్వు చేసినన్ని పుణ్యకార్యాలు ఎవరు చేశారమ్మా" అని ఒక్కొక్కటే గుర్తుచేశారు. వాళ్ళు గుర్తుచేసే కొద్దీ ఆమెకు చేయనివి గుర్తొచ్చాయి. పాతికేళ్ళుగా మాట్లాడని తోడికోడలు గుర్తొచ్చింది. వాకిట్లోకి వచ్చిన బిచ్చగాడిని విసుక్కుని పంపించేసిన రోజు గుర్తొచ్చింది. లెక్కల పుస్తకం తెరిస్తే జమ ఒక్కటే కనబడదు, ఖర్చు కూడా కనబడుతుంది.

మా చాప్లిన్‌గారు వచ్చి లూకా సువార్త 23వ అధ్యాయంలోని దొంగ సంగతి చెప్పారు. యేసు పక్కన సిలువ మీద ఉన్నవాడు. చేతులకు మేకులు, కాళ్ళకు మేకులు. ఇక ఆ చేతులతో ఒక మంచిపని చేయలేడు. ఆ కాళ్ళతో దేవాలయానికి వెళ్ళలేడు. కానుక వేయడానికి చిల్లిగవ్వ లేదు. నన్ను జ్ఞాపకం చేసుకో అని అడిగాడు, అంతే. ఆ రోజే తనతో పరదైసులో ఉంటాడని మాట పొందాడు.

ఆమె చాలాసేపు ఊరుకుంది. తర్వాత అడిగిన ప్రశ్న మేము మరచిపోలేము. "అయితే నేను చేసిందంతా వృథాయేనా అయ్యగారూ?"

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. చాప్లిన్‌గారు తొందరపడలేదు. "నువ్వు అన్నం పెట్టిన పిల్లలు తిన్నారు కదమ్మా, అది ఎలా వృథా అవుతుంది? కాని అది పరలోకానికి టిక్కెట్టు కాదు. టిక్కెట్టు ఆయనే కొన్నాడు" అన్నారు. ఆ రాత్రి ఆమెకు నొప్పి తగ్గిందని, ముఖం వెలిగిపోయిందని రాయము, ఎందుకంటే అలా జరగలేదు. నొప్పికి ఎప్పటిలాగే మందు ఇచ్చాము. కాని వేళ్ళు లెక్కపెట్టడం మానింది. తోడికోడలికి కబురు పెట్టమంది.

ఆమెకు భిన్నంగా, తాగుడుతో లివరు పాడైపోయి వచ్చేవారు ఉంటారు. పొట్ట నిండా నీరు, కళ్ళు పచ్చగా. ప్రార్థన చేయమంటారా అని అడిగితే తల అడ్డంగా ఊపుతారు. "ముందు నేను బాగుపడాలి కదా సిస్టర్, అప్పుడు దేవుని దగ్గరకు వెళ్తాను" అంటారు. జబ్బు నయమయ్యాక ఆసుపత్రికి వస్తామని ఎవరైనా అంటే మనం నవ్వుతాము. ఆరోగ్యంగా ఉన్నవారికి కాదు, రోగులకే వైద్యుడు కావాలని ప్రభువు చెప్పిన సంగతి మార్కు 2వ అధ్యాయంలో ఉంది. అయితే ఒక మాట. కృప దొరికిందని కొత్త లివరు రాదు. తాగుడు మానాల్సిందే, మందులు వాడాల్సిందే. కుటుంబాన్ని కొట్టిన చేతులతో క్షమాపణ అడగాల్సిందే. అవి క్షమాపణ పొందినవాడు చేసే పనులు, క్షమాపణ కొనడానికి కట్టే సొమ్ము కాదు.

కృప అంటే ఏమిటని అడిగేవారికి మేము బ్లడ్ బ్యాంకు చూపిస్తాము. మన దేశంలో రక్తం అమ్మడం, కొనడం 1998 జనవరి 1 నుంచి నిషేధం. బ్యాగుకు, పరీక్షలకు ఖర్చు తీసుకోవచ్చు గాని రక్తానికి వెల లేదు. ఇచ్చేవారికి కనీసం 18 ఏళ్ళ వయసు, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మంచం మీద ఉన్న మనిషి చెయ్యి చాపి పడుకోవడం తప్ప చేసేదేమీ లేదు. యోగ్యత చూసేది ఇచ్చేవారికే, తీసుకునేవారికి కాదు. తీసుకునేవారికి కావలసింది అవసరం ఒక్కటే. అలాగని అది ఊరికే వచ్చిందనుకోకూడదు, ఇచ్చినవాడి ఒంట్లోంచి వచ్చింది. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం 8, 9 వచనాలు ఒకసారి తీసి చదవండి. పక్కనే ఉన్న 10వ వచనం కూడా వదలకండి, దాని సంగతి తర్వాత చెప్తాము.

ఒళ్ళు పాడు చేసుకున్న ఇద్దరు దైవజనులు

ఈ లెక్కల జబ్బు మనకు కొత్త కాదు. మార్టిన్ లూథర్ పేరు మీరందరూ విన్నారు. 1505 జూలైలో, జర్మనీలోని స్టాటర్న్‌హైమ్ అనే ఊరి దగ్గర ఆయన దారిలో ఉండగా దగ్గరలో పిడుగు పడింది. అప్పటికి 21 ఏళ్ళవాడు. భయపడిపోయి, ప్రాణం దక్కితే సన్యాసిని అవుతానని మొక్కుకున్నాడు. తండ్రికి ఇష్టం లేకపోయినా ఎర్ఫర్ట్ పట్టణంలోని అగస్టీనియన్ మఠంలో చేరాడు. అక్కడ ఉపవాసాలు, రాత్రి జాగారాలు, చలిలో దుప్పటి లేకుండా పడుకోవడం. పాపాలు ఒప్పుకోవడానికి వెళ్తే గంటల తరబడి చెప్పేవాడు, బయటికి రాగానే మరచిపోయినది ఒకటి గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళేవాడు. వినీ వినీ ఆయన పెద్ద అయిన స్టౌపిట్జ్ విసిగిపోయాడు. నీ పాపాలను కాదు, క్రీస్తు గాయాలను చూడమని చెప్పాడు.

మఠంలో చేసిన ఆ కఠినమైన ఉపవాసాలే తన ఆరోగ్యాన్ని పాడు చేశాయని లూథర్ తర్వాత తానే చెప్పుకున్నాడు. పెద్దయ్యాక మూత్రపిండాల రాళ్ళతో, మలబద్ధకంతో చాలా అవస్థపడ్డాడు. విట్టెన్‌బర్గ్‌లో బైబిలు పాఠాలు చెప్తూ రోమా పత్రిక 1వ అధ్యాయం 17వ వచనం దగ్గర ఆగిపోయాడు. దేవుని నీతి అంటే మనల్ని శిక్షించే కొరడా అనుకున్నవాడికి, అది విశ్వసించినవాడికి దేవుడు ఇచ్చే బహుమానమని అర్థమైంది. 1517 అక్టోబరు 31న పాపపరిహార పత్రాల అమ్మకం మీద ఆయన రాసిన 95 వాదాల వెనుక ఉన్నది ఇదే. డబ్బు కట్టి రశీదు తీసుకుంటే శిక్ష తప్పుతుందని పేదవాళ్ళకు చెప్తున్న రోజులవి.

రెండో మనిషి జాన్ వెస్లీ, ఇంగ్లండు దేశస్థుడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నవారితో కలిసి ఒక చిన్న గుంపుగా ఉండేవాడు. బుధవారం, శుక్రవారం ఉపవాసం. జైలుకు వెళ్ళి ఖైదీలను చూడటం, పేదలకు సహాయం. ఇంతకంటే మంచి క్రైస్తవుడు ఎవరనిపిస్తుంది. 1736 జనవరిలో అమెరికాకు వెళ్ళే ఓడ తుపానులో చిక్కుకుంటే, చావుభయంతో వణికిపోయాడు. అదే ఓడలో మొరేవియన్ కుటుంబాలు పిల్లాపాపలతో నిబ్బరంగా కీర్తనలు పాడుతున్నాయి. ఇన్ని చేసిన నాకు లేని నెమ్మది వీళ్ళకెలా వచ్చిందని ఆయనకు ప్రశ్న పుట్టింది. జవాబు 1738 మే 24 రాత్రి లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో, ఒక చిన్న కూడికలో దొరికింది. అక్కడ ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతున్నారు. తన పనుల మీద కాక క్రీస్తు ఒక్కడి మీదనే ఆనుకున్నానని ఆ రాత్రి ఆయనకు నిశ్చయం కలిగింది.

ఆ తర్వాత వెస్లీ పనులు మానేశాడా? ఎక్కువ చేశాడు. 1746లో లండనులో పేదలకు ఉచితంగా మందులిచ్చే డిస్పెన్సరీ పెట్టాడు. 1747లో పేదలు ఇంట్లో చేసుకోగల వైద్యం మీద ఒక పుస్తకం వేశాడు. అందులోని చిట్కాలు కొన్ని ఈ రోజు మేము ఎవరినీ చేయనివ్వము, అది వేరే విషయం. 1791లో 87 ఏళ్ళ వయసులో కన్నుమూసేవరకు తిరుగుతూనే ఉన్నాడు.

ఈ విషయం మీద విడిపోయిన సంఘాలు మళ్ళీ మాట్లాడుకున్నాయని కూడా మన పాఠకులకు తెలియాలి. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, రోమన్ కథోలిక సంఘం కలిసి, మనిషి కృప వల్లనే నీతిమంతుడిగా తీర్చబడతాడని ఒప్పుకుంటూ ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ సంఘాలు దానితో కలిశాయి. కాబట్టి పక్క మంచం మీద ఉన్న కథోలిక సోదరిని చూసి, "వాళ్ళది క్రియల మతం" అని చెవులు కొరుక్కోవద్దు. వేళ్ళ మీద లెక్కలు మేము అన్ని సంఘాల వారిలోనూ చూశాము.

నొప్పి భరిస్తే పాపం తీరదు

క్యాన్సర్ రోగుల్లో కొందరు నొప్పి మందు వద్దంటారు. "ఇది నేను అనుభవించాల్సింది. ఇక్కడే తీరిపోతే పైన ఉండదు" అంటారు. మా నర్సింగు చదువులో ఎక్కడా నేర్పని మాట ఇది, వార్డులో నేర్చుకున్నాము. ఇలా అన్నవారితో మేము వాదించము. పక్కన కూర్చుంటాము. పాపానికి చెల్లించాల్సింది సిలువ మీద పూర్తిగా చెల్లిపోయిందని మీరు నమ్మితే, మీ నొప్పితో ఇంకేం చెల్లిస్తారని అడుగుతాము.

లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించిన సిసిలీ సాండర్స్ గురించి నర్సులందరూ చదవాలి. ఆమె ముందు నర్సు, తర్వాత రోగుల సంక్షేమం చూసే ఉద్యోగి, ఆ తర్వాత డాక్టరు. మరణానికి దగ్గరైనవారి నొప్పి ఒళ్ళొక్కటే కాదు, మనసు, కుటుంబం, ఆత్మ అన్నీ కలిసిన నొప్పి అని ఆమె చెప్పింది. ప్రభువును ఎరిగిన మనిషి. అయినా నొప్పి మంచిదని ఒక్కసారీ అనలేదు. వేళ తప్పకుండా మార్ఫిన్ ఇమ్మంది.

మార్ఫిన్ అంటే మన ఇళ్ళలో భయం ఉంది. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో నోటి ద్వారా వాడితే అలవాటుపడి మత్తుకు బానిస కావడం చాలా అరుదు. ప్రాణం తీసే మందు కాదు. సాధారణ బిళ్ళ నాలుగు గంటలకొకసారి ఇస్తారు, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. మలబద్ధకం తప్పకుండా చేస్తుంది గనుక విరేచనానికి మందు కూడా మొదటి రోజు నుంచే అడిగి తీసుకోండి. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు మార్ఫిన్ దొరికే దారి సులువు చేశారు. దొరకదని చెప్తే ఇంకోచోట అడగండి.

మొక్కుబడి గురించి కూడా ఒక మాట. కృతజ్ఞతతో వేసే కానుక వేరు, బేరం పెట్టే మొక్కు వేరు. బిడ్డకు తగ్గితే పాడిగేదెను అమ్మి ఇస్తామని మొక్కుకుని, ఆ గేదె పాల డబ్బుతోనే బిడ్డకు మందులు కొంటున్న సంగతి మరచిపోయిన కుటుంబాలున్నాయి. బిడ్డకు తగ్గకపోతే, తమ మొక్కు చిన్నదైపోయిందని తల్లి కుమిలిపోతుంది. ఎక్కడో పెద్ద కూటానికి వేలు ఖర్చుపెట్టి వెళ్ళి, టి.బి. మందుల కోర్సు నాలుగో నెలలో మానేసి మళ్ళీ దగ్గుతూ మా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు. ఫలానా మొత్తం విత్తితే స్వస్థత అని చెప్పేవారికీ, లూథర్ కాలంలో రశీదులు అమ్మినవారికీ మాకు పెద్ద తేడా కనబడటం లేదు.

దీనికి ఎదురుగా మన ఒంగోలు చరిత్ర ఉంది. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిన మహా కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతూనే ఉన్నారు. కరువు ఉన్నంతకాలం ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని. కూలి సాయం అయిపోయాకనే ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంకె అందరూ చెప్పుకుంటారు. మాకు మాత్రం ఆయన ఆగిన ఆ నెలలే గొప్పగా అనిపిస్తాయి. అన్నం దేనికీ వెల కాకూడదు. మందు కూడా అంతే. మిషను ఆసుపత్రిలో ప్రార్థన చేయమంటే చేస్తాము, వద్దంటే ఊరుకుంటాము. ఇంజక్షను మాత్రం ఇద్దరికీ వేళకే పడుతుంది.

మరి పని ఎందుకు?

మా నర్సింగు విద్యార్థినులు అడుగుతారు. కృప చాలితే, రాత్రి మూడింటికి లేచి పుండు కడగడం ఎందుకు మేడం అని. యాకోబు పత్రిక 2వ అధ్యాయం కూడా అదే అడుగుతుంది, క్రియలు లేని విశ్వాసం చచ్చినదేనని చెప్తుంది. లూథర్‌కు ఆ పత్రిక అంతగా రుచించలేదు గాని మాకు అందులో చిక్కేమీ కనబడదు. మంచం మీద ఉన్న మనిషి నాడి చూస్తాము. నాడిని చూసి ప్రాణం ఉందని తెలుసుకుంటాము. నాడిని బయటి నుంచి తెచ్చి అతికించి ప్రాణం పోయలేము. ఎఫెసీ 2వ అధ్యాయం 10వ వచనం చదవమన్నది ఇందుకే. మంచిపనులు అక్కడ రక్షణకు ముందు కాదు, తర్వాత వస్తాయి.

1527 ఆగస్టులో విట్టెన్‌బర్గ్‌కు ప్లేగు వచ్చింది. యూనివర్సిటీని జేనా పట్టణానికి తరలించారు. లూథర్‌ను కూడా వెళ్ళిపొమ్మన్నారు. ఆయన వెళ్ళలేదు. భార్య కాతరీనా గర్భవతి, చిన్న కొడుకుకు ఒంట్లో బాగుండలేదు, అయినా ఇల్లే ఆసుపత్రి అయింది. పనుల వల్ల రక్షణ రాదని లోకమంతా వినేలా చెప్పిన మనిషే ఆ పని చేశాడు. ప్లేగు నుంచి పారిపోవచ్చా అని అడిగిన కాపరులకు ఆయన రాసిన జవాబు 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అనేక దేశాల్లో సంఘాలు మళ్ళీ తెరిచి చదివాయి. మందు వాడకుండా దేవుడే చూసుకుంటాడనడం విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించడమేనని ఆయన అభిప్రాయం. పొగవేసి గాలి శుభ్రం చేసుకోవాలి, అవసరం లేని చోటికి వెళ్ళకూడదు, మన వల్ల ఇంకొకరికి అంటకూడదు. కాని పొరుగువాడికి మన అవసరం ఉంటే మాత్రం వెళ్ళాలి. కోవిడ్ రోజుల్లో ఆ తెల్ల సూట్లలో ఎనిమిది గంటలు నీళ్ళు తాగకుండా పనిచేసిన మా పిల్లలు పరలోకంలో మార్కుల కోసం చేశారని మేము అనుకోవడం లేదు. పుణ్యం కోసం చేసే సేవలో రోగి ఒక మెట్టు అవుతాడు. మెట్టు మీద కాలు వేసినట్టే ఉంటుంది ఆ సేవ. రోగులు దాన్ని ఇట్టే కనిపెడతారు.

ఉపవాస దినాలు, షుగరు మందులు

ఇక షుగరు సంగతి. ఈస్టరుకు ముందు శ్రమల దినాలు, ఆ మీద నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు. ఉపవాసం మంచిదే, ప్రభువు కూడా చేశాడు. కాని వారానికి రెండుసార్లు ఉపవాసమున్నానని దేవుని ముందు లెక్క చెప్పిన పరిసయ్యుడు ఏమయ్యాడో లూకా 18లో ఉంది. ఉపవాసం చేయలేకపోతే దేవుని దగ్గర మీకు తగ్గేదేమీ లేదు. షుగరు మందు వేసుకుని తిండి మానితే మాత్రం ప్రాణం మీదకు వస్తుంది.

ఇన్సులిను, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవారు తినకుండా ఉంటే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, చేతులు వణకడం, గుండెదడ, మాట తడబడటం, చూపు మసకబారడం వస్తాయి. ప్రార్థనలో కన్నీళ్ళు, వణుకు చూసి ఆత్మావేశమని పక్కవారు అనుకునే ప్రమాదం ఉంది. షుగరు 70 కంటే తగ్గితే ఆ క్షణమే ఉపవాసం ముగించండి. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి, తగ్గే ఉంటే మళ్ళీ ఇవ్వండి. తర్వాత ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే తీసుకురండి.

చిన్నతనం నుంచి ఇన్సులిను మీదే ఉన్న టైప్ 1 వారు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇన్సులిను మానకూడదు, ఉపవాసం ఉండకూడదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే బిళ్ళలు వాడేవారు తిండి మానితే, షుగరు మరీ పెరగకపోయినా రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. వాంతులు, ఆయాసం వస్తే ఆలస్యం చేయవద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, డయాలసిస్ చేయించుకునేవారు, కాలి పుండు ఉన్నవారు, ఒంటరిగా ఉండే వృద్ధులు ఉపవాసం పెట్టుకోవద్దు. ఫిట్స్ బిళ్ళలు, టి.బి. మందులు, ఎ.ఆర్.టి. మందులు, గుండె, బి.పి. మందులు ఒక్క పూట కూడా ఆపవద్దు. తిండి మానలేనివారు మాంసాహారమో, టీవీయో, సెల్‌ఫోనో మానుకోవచ్చు. మా అనుభవంలో సెల్‌ఫోను మానడమే అన్నిటికంటే కష్టం.

ఉపవాసం ఉండాలనుకునే షుగరు రోగులు శ్రమల దినాలకు కనీసం రెండు వారాల ముందు ఓ.పి.లో డాక్టరును కలవండి. మోతాదు మార్చాలా, ఉపవాసం అసలు వద్దా అనేది వారు చెప్తారు. వాడుతున్న బిళ్ళల కవర్లన్నీ, పాత షుగరు రిపోర్టులు వెంట తెచ్చుకోండి. పరగడుపు రక్తపరీక్ష ఉంటుంది కాబట్టి ఉదయం బిళ్ళలు, ఇన్సులిను వేసుకోకుండా రండి, టిఫిను డబ్బా మాత్రం మరచిపోకండి. రక్తం ఇవ్వగానే అక్కడి బల్ల మీద కూర్చుని తిని, మందు వేసుకోవచ్చు.